మంచులో ఎర్రలైట్లు

పరాంకుశం గారిని ప్రశ్న అడగడం తేలికే, ఆయన దగ్గర్నుంచి జవాబు రాబట్టడమే కష్టం. ఎవరేం అడిగినా "చూద్దాం" అని ఊరుకునేవారు. ఆ చూడడం ఒక్కోసారి సాయంత్రానికే తేలిపోయేది, ఒక్కోసారి ఏడాది పట్టేది. అడిగినవాడు తన ప్రశ్న తనే మరిచిపోయి సంసారం గొడవల్లో పడి తిరుగుతుంటే, సంతలో వంకాయలు ఏరుతున్న గురువుగారు చటుక్కున తిరిగి, "అదిగో, నువ్వు అప్పుడు అడిగింది" అని ఎదురుగా జరుగుతున్న దేన్నో చూపించేవారు. అర్థమైతే అయినట్టు, లేకపోతే లేదు. రెండోసారి చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ఇలాంటి గురువుకు గౌరునాయుడులాంటి శిష్యుడు దొరకడం దేవుడి వేళాకోళమే అనుకోవాలి. గుమ్మలపాడు కొండమీద అతనికి ఒక కిరాణా కొట్టు, ఒక పాత జీపు ఉన్నాయి. మనిషి మంచివాడు. పిలిస్తే పలుకుతాడు, అడిగితే కాదనడు. కాని కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటూనే చెయ్యి కడుక్కోవడానికి లేచే రకం. గురువుగారు భాగవతం చెబుతుంటే పద్యం సగంలో ఉండగానే "తర్వాతేటయిందండీ?" అనేవాడు. ఆయన ఒక్క పద్యం దగ్గరే నెల్లాళ్ళు కూర్చుంటే ఇతనికి అరికాళ్ళలో చీమలు పాకేవి.

ఆ చలికాలంలో కింద పట్నానికి ఒక స్వామి వచ్చారు. ఆయన దీక్ష ఇస్తే మండలం రోజులు తిరిగేలోగా మనిషి ఒడ్డున పడతాడని చెప్పుకున్నారు. కూర్చోవడానికి మైదానం చాలక జనం ప్రహరీగోడల మీద ఎక్కి వింటున్నారట. ఈ కబురు కొండెక్కి గౌరునాయుడి చెవిన పడింది. ఇక అతనికి నిద్ర లేదు. ఒక సాయంత్రం గురువుగారి అరుగు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, చివరికి అడిగేశాడు.

"తప్పుగా అనుకోకండి గురువుగోరూ. రేపు మా హైమని పరీక్షకి దించడానికి కిందికి ఎల్తన్నాను. అటునుంచటే ఆ స్వామోరి దగ్గర దీక్ష తీసుకుందారని ఉంది. మీరు సెలవిస్తేనే. అంతమంది జనం ఆయన ఎనకాల పరిగెడతన్నారు. ముందున్నాయనకి దారి తెలీకుండానే పరిగెడతాడేటండీ?"

పరాంకుశం గారికి అప్పుడు పంటి నొప్పి. కుడి దవడ వాచిపోయి, తల చుట్టూ మఫ్లరు బిగించి కూర్చున్నారు. నోరు తెరవడమే గగనంగా ఉంది. లవంగం ముక్కను ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి నెట్టుకుని, "చూద్దాం" అన్నారు. కాసేపాగి, "రేపు నన్ను కూడా ఎక్కించుకో. ఈ పన్ను పీకించుకోవాలి" అన్నారు.

హైమ గౌరునాయుడి ఒక్కగానొక్క కూతురు. ఫారెస్టు బీట్ ఆఫీసరు ఉద్యోగానికి రాస్తోంది. ఆ పిల్లకు అడవి కొత్త కాదు, చదువు కొత్త కాదు, కష్టపడటమూ కొత్త కాదు. కాని ఆ నోటిఫికేషన్ ఎన్నేళ్ళకో గాని పడదు. మళ్ళీ పడేసరికి వయసు పరిమితి దాటిపోతుంది. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు. తొమ్మిదింటికి గేటు మూస్తారు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని హాల్ టికెట్ మీద నల్లటి అక్షరాలతో వేశారు. ఆ ఒక్క వాక్యం గౌరునాయుడి గుండెల మీద వారం రోజులుగా కూర్చుని ఉంది.

తెలతెలవారుతుండగా బయల్దేరారు. ముందు సీట్లో హైమ, వెనక సీట్లో మఫ్లరుతో గురువుగారు. ఇంటి దగ్గర పలచగా ఉన్న మంచు ఊరు దాటేసరికి చిక్కబడింది. లైట్లు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టుంది, తీసేస్తే అదే గోడ బూడిద రంగుకు తిరిగింది, అంతే తేడా. గౌరునాయుడు స్టీరింగు మీదికి వంగి, అద్దాన్ని అరచేత్తో తుడిచాడు. మంచు అద్దం మీద కాదు, బయట ఉందని తెలిసి కూడా మళ్ళీ తుడిచాడు. మామూలు రోజున పాట పాడుకుంటూ దాటే దూరం దాటడానికి చాలాసేపు పట్టింది. హైమ ఒళ్ళోని సంచిని రెండు చేతులా పట్టుకుని ముందుకే చూస్తోంది. కూతురు గడియారం వంక చూడకుండా ఉండటానికి ఎంత పాటుపడుతోందో తండ్రికి తెలుస్తూనే ఉంది.

ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట చిన్నమ్మడి టీ కొట్టు ఉంది. ఆ కొండ మీది డ్రైవర్లకు ఒక ఆనవాయితీ. మంచు పట్టిన రోజున ఎంత మొనగాడైనా సొంత ధైర్యంతో కొండ దిగడు. కొట్టు దగ్గర ఆగి టీ తాగుతూ, కింది నుంచి ఎక్కి వచ్చే బండి కోసం చూస్తాడు. బండి రాగానే "కింద ఎలాగుంది?" అని అడుగుతాడు. ఎక్కి వచ్చినవాడు దారిని తన కళ్ళతో చూసి వచ్చినవాడు, అతను పొమ్మంటే పోవడం, ఆగమంటే ఆగడం. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. వాళ్ళ తాతల నాటి ఎడ్లబళ్ళ కాలం నుంచి అలా నడిచిపోతోంది.

గౌరునాయుడు కూడా అలవాటుగానే బ్రేకు వేశాడు. చిన్నమ్మడు పొయ్యి దగ్గర్నుంచే కేకేసింది. "ఇంకా ఒక్క బండీ ఎక్కి రాలేదు నాయుడన్నా! కూకో, టీ తాగు."

"ఒక్కటీ రాలేదా?"

"ఒక్కటీ లేదు. నేనూ ఎదురుసూత్తన్నాను, పాలు కూడా రాలేదు."

అతను దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు. టీ గ్లాసు అందుకుని తాగకుండానే పెట్టేశాడు. ఆగితే గేటు మూసుకుపోతుంది. దిగితే ఏం జరుగుతుందో తెలియదు. ఈ రెంటి మధ్యా కొట్టుకుంటూ ఉండగా వెనక నుంచి ఒక వ్యాను వచ్చింది. బస్తాల మీద టార్పాలిన్ కట్టుకుని, కొట్టు వంకైనా చూడకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా తిన్నగా కొండ దిగి మంచులో కలిసిపోయింది.

గౌరునాయుడి ముఖం వెలిగింది. "సూశావా సిన్నమ్మడూ! ఆడికి కింద సంగతి తెలుసు. ఫోన్లో కబురంది ఉంటాది. లేకపోతే ఆగకుండా ఎలాగెల్తాడు?"

ఆ కొండ మీద పుట్టి పెరిగిన ఎవరికైనా అలాగే తోస్తుంది. చిన్నమ్మడికీ తోచింది. ఆమె మరి ఆపలేదు. గురువుగారు మాత్రం మఫ్లరులోంచి, "ఆ వ్యాను మనూరిదేనా?" అని అడిగారు. ఆ మాట పూర్తయ్యేలోగా జీపు కదిలిపోయింది.

రెండో మలుపులో వ్యాను వెనక ఎర్రలైట్లు దొరికాయి. అవి కనపడగానే గౌరునాయుడికి ప్రాణం లేచొచ్చింది. ఇందాకటి దాకా దారి వెతుక్కున్నాడు, ఇప్పుడు ఆ పని లేదు. లైట్లు కుడికి పోతే తనూ కుడికి, ఎడమకు పోతే తనూ ఎడమకు. వాటిని వదలకుండా దగ్గరగా పట్టుకున్నాడు. ఘాట్ రోడ్డు మర్యాద ప్రకారం మలుపు మలుపుకీ హారన్ కొట్టాడు, కింది నుంచి ఎవరైనా వస్తుంటే తెలియాలి కదా. హారన్ కొట్టిన ప్రతిసారీ ముందు వ్యాను కాస్త వేగం పెంచింది. వ్యాను వేగం పెంచిన ప్రతిసారీ ఇతనూ పెంచాడు. మలుపుల్లో టైర్లు కీచుమంటున్నాయి. పిట్టగోడ రాళ్ళు పక్కనుంచి తెల్లగా మెరిసి మాయమవుతున్నాయి.

"నాన్నా, మరీ ఫాస్టుగా ఎల్తన్నాం" అంది హైమ.

"నేనెల్లడం కాదమ్మా, ఆడు ఎల్తన్నాడు. దారి తెలిసినోడు. మనకేటి భయం?"

"పరీక్ష పోతే పోనీ నాన్నా."

"నోర్ముయ్! అదేం మాట?" అని కసిరాడు. కసిరినందుకు వెంటనే బాధపడ్డాడు. బాధ పడటానికి కూడా తీరిక లేకుండా మరో మలుపు వచ్చింది.

వెనక సీట్లోంచి గురువుగారి గొంతు వినిపించింది. "నాయుడూ, నీకేం కనపడుతోంది?"

"ఎర్రలైట్లండి."

"వాటికి ముందర?"

గౌరునాయుడికి తెల్లటి మంచు తప్ప ఏమీ కనపడటం లేదు. కాలు మాత్రం ఆక్సిలరేటరు మీదనే ఉంది. ఆ క్షణాన కాలు తీసేస్తే ఎర్రలైట్లు మంచులో కలిసిపోతాయి, అప్పుడు తను ఒక్కడే మిగిలిపోతాడు. ఆ ఒంటరితనమే అతనికి వేగం కంటే ఎక్కువ భయంగా ఉంది.

ఆ తర్వాత జరిగింది రెప్పపాటులో జరిగింది. ఎర్రలైట్లు ఒక్కసారిగా భగ్గుమన్నాయి, పెద్దవయ్యాయి, మీదికి వచ్చేశాయి. బ్రేకు తొక్కాడు. జీపు జారుకుంటూ పోయి వ్యాను వెనక భాగాన్ని ఢీకొట్టింది. వ్యాను ముందుకు తూలి, ఆకులూ కొమ్మలూ ఫెళఫెళమనగా ఆగింది. బస్తాలు పిగిలి అల్లం రోడ్డంతా దొర్లింది. ఆ చల్లటి గాలిలో ఘాటుగా అల్లం వాసన వేసింది.

రోడ్డుకు అడ్డంగా పెద్ద చెట్టు పడి ఉంది. ఒక్క బండీ ఎందుకు ఎక్కి రాలేదో అప్పుడు తెలిసింది. చెట్టుకు అవతల మంచులోంచి కత్తుల చప్పుడు, మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. కింది నుంచి వచ్చినవాళ్ళు కొమ్మలు నరుకుతూ దారి చేస్తున్నారు.

గౌరునాయుడు వెనక్కి తిరిగి చూశాడు. పరాంకుశం గారి పెదవి చిట్లి, మఫ్లరు మీదికి నెత్తురు కారుతోంది. "నాకేం కాలేదు, అమ్మాయిని చూడు" అన్నారు ఆయన. కాని ముందు సీట్లో అమ్మాయి లేదు. తలుపు తీసి ఉంది. పైనుంచి, వాళ్ళు వచ్చిన దారినే, ఇంకో బండి దిగుతున్న మోత వస్తోంది. హారన్ కొట్టుకుంటూ, మలుపు తర్వాత మలుపు, అంతే వేగంతో వస్తోంది. హైమ చున్నీ తీసి ఊపుకుంటూ దానికి ఎదురుగా మంచులోకి పరుగెడుతోంది.

"హైమా!"

అతను పరుగెత్తబోయి అల్లం ముక్కల మీద జారి పడ్డాడు. మోకాళ్ళ మీద ఉండగానే బ్రేకుల కీచు వినపడింది. అది ఎంతసేపు సాగిందో అతనికి తెలియదు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. గౌరునాయుడు ఆ నిశ్శబ్దంలో ఉద్యోగాన్ని వదిలేశాడు, గేటును వదిలేశాడు, స్వామిని, దీక్షను, ఒడ్డును అన్నిటినీ వదిలేశాడు. ఒక్క గొంతు వినపడితే చాలునని రోడ్డు మీద చేతులు ఆనించి కూర్చున్నాడు.

గొంతు వినపడింది. గట్టిగా తిడుతోంది. "కళ్ళు కనపడవా నీకు? ఎందుకంత ఇదిగా తోలుకొస్తన్నావు? లోపల పదిమంది జనం ఉన్నారు!"

సర్వీసు జీపు తోలే దాలయ్య నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. పిల్లకీ అతని బంపరుకీ మధ్య చెయ్యి చాపినంత ఖాళీ ఉంది. "నాకేటి కనపడతాదమ్మా? మీ బండి ఎర్రలైట్లు అందుకుందారనే వచ్చీసేను. నాయుడు గోరు ఆగకుండా దిగీసేరని సిన్నమ్మడు సెప్పింది. దారి తెలిసిన మనిషి కదా, ఆయన ఎనకాలే పోతే సాలనుకున్నాను."

ఆ మాట గౌరునాయుడు విన్నాడు. విని, అటు తిరగలేక, ఇటు వ్యాను మీదికి తిరిగాడు. కోపం చూపించడానికి అతనికి ఎవరో ఒకరు కావాలి. తలుపు నెట్టుకుని దిగుతున్న వ్యాను డ్రైవరు కాలరు పట్టుకున్నాడు. అతని పేరు సూరిబాబు, గోదావరి వైపువాడు.

"దారి తెలిసి కూడా అంత స్పీడుగా ఎందుకెల్లావురా?"

"దారేంటండీ బాబూ, నేనీ కొండెక్కడమే నిన్నండి! అల్లం లోడుకొచ్చానండి. పై నుంచీ మీరు హారన్ కొట్టుకుంటా మీదడిపోతా ఉంటే, ఆగితే గుద్దేత్తారని పారిపోయొచ్చానండి. దారి ఖాళీగా ఉందని తెలిసే తరుముతున్నారనుకున్నానండి!"

"టీ కొట్టు కాడ ఎందుకాగలేదు?"

"ఆగాలా అండీ?" అని అడిగాడు సూరిబాబు.

గౌరునాయుడి చెయ్యి కాలరు మీంచి దానంతట అదే జారింది. ముగ్గురు డ్రైవర్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముగ్గురిలో ఒక్కడు కూడా దారి చూసుకోలేదు. తర్వాత దాలయ్య వంగి అల్లం ఏరడం మొదలుపెట్టాడు, మిగతా ఇద్దరూ కూడా వంగారు.

చెట్టుకు అవతల స్కూటీ మీద వచ్చి ఆగిపోయిన ఒక బడి టీచరమ్మ ఉంది. హైమ హాల్ టికెట్ సంగతి విని, "నేనెలాగూ ఇప్పుడు ఎక్కలేను. కొమ్మల కిందనుంచి ఇటు రామ్మా, పట్నానికి నేను తీసుకెళ్తాను" అంది. హైమ తండ్రి వంక చూసింది. గేటు మూయడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది, గట్టిగా పోతే అందవచ్చు. గౌరునాయుడు కొమ్మలు పైకెత్తి పట్టుకున్నాడు, కూతురు అవతలికి దూరింది. ఇరవయ్యేళ్ళుగా అతని నాలుక చివర కాపురం ఉన్న మాట "తొందరగా" అన్నది. అది అతని గొంతులోకి వచ్చింది. దాన్ని మింగడానికి అతను పడ్డ యాతన చూస్తే పగవాడికైనా జాలి వేస్తుంది.

"టీచరమ్మా" అన్నాడు. "నెమ్మదిగా తీసుకెల్లండి. గేటు మూసీసినా పరవాలేదు."

స్కూటీ వెళ్ళిపోయిన చాలాసేపటికి దారి తెరుచుకుంది. ఆ తర్వాత మూడు బండ్లూ కొండ దిగాయి. దూరందూరంగా, కాలినడకన పోయేవాడు దాటిపోయేంత మెల్లగా దిగాయి. సూరిబాబు వ్యానుకు లైటు పగిలింది. గౌరునాయుడి జీపు ముందు భాగం నొక్కుకుపోయింది. అతనికి మాత్రం చెవులు ఫోను మీదే ఉన్నాయి. కొండ మీద సిగ్నలు లేదు. మలుపు తిరిగిన ప్రతిసారీ ఫోను తీసి చూసేవాడు, జేబులో పెట్టేవాడు, మళ్ళీ తీసేవాడు. స్కూటీ ఏ మలుపులోనైనా పడి ఉందేమోనని రోడ్డు పక్కలన్నీ వెతుక్కుంటూ పోయాడు.

కొండ కిందికి వచ్చేసరికి మంచు విడిపోయి ఎండ కాస్తోంది. ఫోను మోగింది.

"నాన్నా, గేటు మూసేశారు" అంది హైమ. గొంతు బాగా ఏడ్చినట్టుంది. "కాళ్ళు పట్టుకున్నా తియ్యలేదు. టీచరుగారు అస్సలు ఫాస్టుగా నడపలేదు నాన్నా. నేను బాగానే ఉన్నాను."

"బాగున్నావు కదా? ఎక్కడా పడలేదు కదా? అక్కడే ఉండమ్మా, వస్తన్నాను" అన్నాడు. ఫోను పెట్టేసి, జీపును రోడ్డు పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. కూతురి ఉద్యోగం పోయినందుకు ఏడ్చాడు. కూతురు మిగిలినందుకు కూడా ఏడ్చాడు. రెండింటిలో ఏది ఎక్కువని అడిగితే అతను చెప్పలేడు. పరాంకుశం గారు అతన్ని ఓదార్చలేదు, పొమ్మని తొందరపెట్టనూ లేదు. మఫ్లరు కొసతో పెదవి అద్దుకుంటూ కూర్చున్నారు.

కొంతసేపటికి గౌరునాయుడు ముఖం తుడుచుకుని జీపు స్టార్ట్ చేశాడు. పట్నం పొలిమేరలో రోడ్డు నిండా జనం ఉన్నారు. బస్సుల్లో, ఆటోల్లో, బండ్ల మీద, అందరూ స్వామి ఫోటోలున్న కండువాలు వేసుకుని మైదానం వైపు తోసుకుంటూ పోతున్నారు. వాళ్ళ ముందెక్కడో పూలదండల్లో మునిగిన కారు ఒకటి వేగంగా పోతోంది. జనం దాని వెనక పరుగెడుతూ జయజయధ్వానాలు చేస్తున్నారు. గౌరునాయుడు జీపును పక్కకు తీసి, వాళ్ళంతా పోయేదాకా ఆగాడు.

"గురువుగోరూ" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "ఆ స్వామోరికి దారి తెలుసంటారా? తెలీదంటారా?"

పరాంకుశం గారు దుమ్ములో కనపడకుండా పోతున్న ఆ కారును చూస్తూ, నొప్పి పెడుతున్న దవడను చేత్తో పట్టుకుని, నిదానంగా అన్నారు. "పాపం, చూసుకోవడానికి ఆయన్ని ఒక్కసారైనా ఎవరైనా ఆగనిచ్చారా నాయనా?"